డిగ్రీ మూడేళ్ళు

మా నాయన 1944లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. పూర్తి చేశారు. అర్థశాస్త్రం, చరిత్ర, రాజనీతి అన్నీ ఆయన ఉర్దూలోనే చదివారు. 1918లో ఆ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పాలనుకోవడం పెద్ద సాహసం. అందుకోసం నిజాం ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థనే నెలకొల్పి, ఇంగ్లీషులో ఉన్న పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెప్పించింది. అలాంటి పుస్తకాలు రెండు మూడు మా ఇంట్లో చెక్క బీరువాలో చాలా కాలం ఉండేవి. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, దఫ్తరులో ఉర్దూతో పాటు అంతో ఇంతో ఇంగ్లీషు, ఇలా మూడు భాషల మధ్య పెరిగిన మనిషి ఆయన. చివరి దాకా పొద్దున్నే సియాసత్ పత్రిక చదివి, ఆ తర్వాతే తెలుగు పేపరు చేతిలోకి తీసుకునేవారు.

డిగ్రీ ఎందుకు చదివారని నేను ఆయనను అడిగాను. అప్పటికి నేను ఇంటర్మీడియట్ పాసై, ఏ కాలేజీలో చేరాలన్న ఆలోచనలో ఉన్నాను. "ఎందుకేంది బిడ్డా, నౌకరీ కోసం. రెవెన్యూ ఇలాఖాల బి.ఏ. చదివినోనికి ఒక తీరు, మెట్రిక్ చదివినోనికి ఒక తీరు" అని ఆయన సూటిగా చెప్పారు. కొంచెం ఆగి, "కానీ ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కినంక నౌకరీ సంగతి యాదికి రాకపోతుండె" అన్నారు.

ఒకప్పుడు చదువు జ్ఞానం కోసం ఉండేదని, ఇప్పుడు ఉద్యోగం కోసమే అయిపోయిందని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ మాటలే గుర్తుకు వస్తాయి. ఉద్యోగం కోసం కాకుండా డిగ్రీ చదివిన వాళ్ళను మా బంధువుల్లో గానీ, స్నేహితుల్లో గానీ నేను పెద్దగా చూడలేదు. మా నాయన తరంలో అది సర్కారు కొలువు, మా తరంలో బ్యాంకు లేదా టీచరు ఉద్యోగం, మా అమ్మాయి తరంలో సాఫ్ట్‌వేర్. నౌకరీ సంగతి మరచిపోయి మరేదో పట్టుకోగలిగే వ్యవధి ఆయనకు ఆ మెట్ల మీద దొరికింది. నాకూ దొరికింది. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ కళాశాలల్లో రాజనీతి శాస్త్రం చెప్పిన నేను, నా కళ్ళ ముందే ఆ వ్యవధి పిల్లల చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారిపోవడం చూశాను. నేను రాయదలచుకున్నది దాని గురించే.

మా నాయన చదివిన నాటి ఆర్ట్స్ కాలేజీ భవనం కొత్తది. నిజాం దాన్ని ప్రారంభించింది 1939లో. ఆయన చేరడానికి కొద్ది కాలం ముందే, 1938లో, వందేమాతరం పాడినందుకు అనేక మంది విద్యార్థులను విశ్వవిద్యాలయం నుంచి బహిష్కరించారు. వాళ్ళలో చాలా మందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. ఆ ఉదంతం సీనియర్ల నోట విని విని మా నాయనకు కంఠతా వచ్చింది. తెలుగు శాఖలో రాయప్రోలు సుబ్బారావు గారు ఆచార్యులుగా ఉన్న రోజులవి. మా నాయన తెలుగు విద్యార్థి కాకపోయినా, తరగతి బయట నిలబడి వారి పాఠం విన్నానని గొప్పగా చెప్పుకునేవారు. తన పరీక్షకు ఏ మాత్రం పనికిరాని పాఠం వినడానికి గుమ్మం బయట నిలబడే తీరిక ఒక రెవెన్యూ గుమాస్తా కాబోయే కుర్రవాడికి ఉండటం ఎంత అరుదైన భాగ్యమో నాకు ఉద్యోగంలో చేరిన తర్వాత గానీ అర్థం కాలేదు.

నేను 1977లో కోఠీ ఉమెన్స్ కాలేజీలో బి.ఏ.లో చేరాను. 1924లో మొదలైన ఆ కళాశాల 1949 నుంచి పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో నడుస్తూ వచ్చింది. ఎత్తైన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, లోపల ఆకాశమంత కప్పు ఉన్న దర్బారు హాలు. నల్లకుంటలో పెంకుటింట్లో పెరిగిన నాకు మొదటి రోజుల్లో అక్కడ గట్టిగా మాట్లాడాలన్నా జంకుగా ఉండేది. తర్వాత్తర్వాత ఆ మెట్ల మీదే కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకునేంత చనువు వచ్చింది. మా బంధువులు మాత్రం "సంబంధం కుదిరేదాకా చదవనీ" అని మా అమ్మతో అంటుండేవారు. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళల్లో ఆడపిల్ల డిగ్రీకి ఉన్న అసలు ప్రయోజనం చాలా వరకు అదే. నా తోటి వాళ్ళలో కొందరు రెండో సంవత్సరం వేసవి సెలవుల తర్వాత తిరిగి రాలేదు, పెళ్ళిళ్ళు అయిపోయాయి. ఆ కాలాన్ని స్వర్ణయుగమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోకపోవడానికి మొదటి కారణం ఆ ఖాళీ అయిన బెంచీలే.

అయినా ఆ మూడేళ్ళలో నాకు జరిగిన మేలు చెప్పాలి. ఇంగ్లీషు, ద్వితీయ భాషగా తెలుగు, ఆప్షనల్స్‌గా చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం. అందరూ హెచ్.ఇ.పి. అని పిలిచే గ్రూపు. మేము చేరేనాటికి ఎమర్జెన్సీ ఎత్తివేసి కొద్ది నెలలే అయింది. ఆ సంవత్సరం మార్చిలో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే వచ్చాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి గారు ఆ జూలైలోనే రాష్ట్రపతి అయ్యారు. మా రాజనీతి శాస్త్రం మేడమ్ మొదటి వారంలోనే ఈ అంకెలను నల్లబల్ల మీద రాసి, దేశంలో సగం ఒక రకంగా ఓటు వేస్తే మన రాష్ట్రం మరొక రకంగా ఎందుకు వేసిందో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకొని రమ్మన్నారు. దానికి మార్కులు లేవు. పరీక్షలో ఆ ప్రశ్న రాదు కూడా.

మేము రాసుకొచ్చిన జవాబులు చదువుతుంటే తరగతి మొత్తం ఒక రాష్ట్రంలా అనిపించింది. ఒక అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ పేదలకు ఇచ్చిన ఇళ్ళ స్థలాల గురించి చెప్పింది. ఇంకొక అమ్మాయి వాళ్ళ తండ్రి రైల్వే ఉద్యోగి, ఎమర్జెన్సీలో రైళ్ళు వేళకు నడిచాయని ఆయన నమ్మకం. పాతబస్తీ నుంచి వచ్చే నా స్నేహితురాలు వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళకు ఎవరికి ఓటు వేయాలో మగవాళ్ళే చెబుతారని, అందుకని వాళ్ళను అడిగి లాభం లేదని రాసుకొచ్చింది. మేడమ్ ఆ ఒక్క వాక్యం మీద రెండు రోజులు పాఠం చెప్పారు. సిలబస్‌లో "ఓటింగ్ ప్రవర్తన" అన్న అధ్యాయం మూడో సంవత్సరంలో వచ్చే నాటికి మాకు అది తెలిసిన విషయమే.

రాజ్యాంగం పాఠం ఇంకా బాగా గుర్తుంది. మా చేతుల్లో ఉన్నవి తెలుగు అకాడమీ పుస్తకాలు. 1968లో ఏర్పడిన ఆ సంస్థ ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలను తెలుగులో చవక ధరకు అందించడం వల్లనే తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు డిగ్రీ అందుబాటులోకి వచ్చింది. కానీ మేము చదువుతుండగానే రాజ్యాంగం మారిపోతూ వచ్చింది. 1976లో 42వ సవరణ చేసిన మార్పుల్లో కొన్నిటిని 1978లో 44వ సవరణ వెనక్కి తీసుకుంది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తొలగించింది. కొత్త పుస్తకం వచ్చేదాకా ఆగకుండా, మేడమ్ మాతో పాత పుస్తకంలోనే పెన్సిల్‌తో దిద్దించారు. ఏడు ప్రాథమిక హక్కులు అన్నచోట ఆరు అని రాయించి, ఎమర్జెన్సీ విధించడానికి కారణంగా అంతర్గత కల్లోలం అన్నచోట సాయుధ తిరుగుబాటు అని రాయించి, ఈ మార్పు ఎందుకు అవసరమైందో, ఏ భయం వల్ల ఆ పదాన్ని మార్చవలసి వచ్చిందో వివరించారు. అచ్చులో ఉన్న పుస్తకాన్ని కూడా సరిదిద్దవచ్చునని, సరిదిద్దే హక్కు చదివే వాళ్ళకు ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత నేను ఎన్ని తరగతులకు రాజ్యాంగం చెప్పినా, అంతకు మించిన పద్ధతి నాకు తట్టలేదు.

అర్థశాస్త్రం లెక్చరర్ ధరల మార్పును కొలిచే సూచీ సంఖ్యలు చెప్పేటప్పుడు మమ్మల్ని సుల్తాన్ బజారుకు పంపారు. కంది పప్పు, సోనా బియ్యం, పల్లి నూనె, కిరోసిన్ ధరలను ప్రతి శనివారం ఒకే దుకాణంలో అడిగి రాసుకోవాలి. సంవత్సరం పొడవునా ఆ ధరల పట్టిక నింపి, చివర మేమే ఒక సూచీ కట్టాము. సంవత్సరం పొడవునా అన్న మాట ఇక్కడ ముఖ్యం. దసరాకు, ఉగాదికి ధరలు ఎట్లా కదులుతాయో చూడాలంటే దసరా, ఉగాది రెండూ ఒకే కోర్సులో రావాలి కదా. వార్షిక పరీక్షలు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉండేవి కాబట్టి జూన్ నుంచి మార్చి దాకా ఒక సబ్జెక్టు మాతో పాటే ఉండేది.

కాలేజీకి నడిచి వెళ్ళేంత దూరంలోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901లో, తెలుగు చదువుకు ఈ నగరంలో ఆదరణ లేని రోజుల్లో స్థాపించిన గ్రంథాలయం అది. ఇంకొంచెం ముందుకు పోతే అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. పెద్దవాళ్ళు దాన్ని ఆసఫియా అనే పిలిచేవారు. మధ్యాహ్నం తరగతులు లేని రోజుల్లో నేను, నా స్నేహితురాలు అక్కడికి వెళ్ళి పాత పత్రికల కట్టలు తిరగేసేవాళ్ళం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో మా సబ్జెక్టుకు సంబంధించినది ఏదైనా దొరికితే బస్సు పాసు ఉంది కదా అని చేతిలో ఉన్న చిల్లరంతా ఇచ్చేసి వచ్చేవాళ్ళం. సాయంత్రం మా వాళ్ళందరూ వెళ్ళేది టైపు ఇన్‌స్టిట్యూట్‌కు. లోయర్, హయ్యర్ పాసైతే ఆఫీసుల్లో ఉద్యోగం తొందరగా వస్తుందని నమ్మకం. ఆ కాలపు కోచింగ్ అదే. కానీ అది రోజులో ఒక గంట మాత్రమే తీసుకునేది, మిగతా పగలంతా కాలేజీదే.

అన్నీ బాగున్నాయని చెప్పడం లేదు. సంవత్సరాల తరబడి అవే నోట్సు చదివి రాయించే లెక్చరర్లు అప్పుడూ ఉన్నారు. పరీక్ష ముందు పది ప్రశ్నలు బట్టీ పట్టించే గైడ్లు కోఠీలో అప్పుడూ అమ్మేవారు. పరీక్షలు వాయిదా పడితే ఫలితాలు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. అన్నిటికంటే పెద్ద లోపం, మా తరగతిలో కూర్చున్నది ఎవరు అన్నది. చాలా మందిమి ఉద్యోగస్తుల పిల్లలం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గుమ్మం తొక్కిన అమ్మాయిలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మంచి చదువు ఉండింది కానీ అది కొద్దిమందికే ఉండింది.

ఎం.ఏ. ఉస్మానియాలోనే చేసి, ఎనభైల మధ్యలో నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో లెక్చరర్‌గా చేరాను. అప్పటికే తెలివైన పిల్లలందరినీ ఇంజనీరింగ్ పిలుస్తున్నది. నగరంలో 1979లో చైతన్య భారతి, 1981లో వాసవి వంటి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చాక, అంతకు ముందు బి.ఎస్సీ.లో ఎం.పి.సి. తీసుకునే వాళ్ళు అటు మళ్ళారు. ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల ఫీజుల గురించి మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అన్న పద్ధతి పెట్టింది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసు తీర్పుతో ఆ పద్ధతి పోయింది. ఈ రెండు తీర్పుల మధ్య కాలంలోనే డిగ్రీ కాలేజీ అంటే ఇంజనీరింగ్, మెడిసిన్ సీటు రాని వాళ్ళు చేరే చోటు అన్న అభిప్రాయం స్థిరపడింది. తరగతిలో నేను పేర్లు పిలుస్తుంటే జవాబిచ్చే గొంతులోనే అది వినిపించేది. పదిహేడేళ్ళ పిల్లలు తాము ఓడిపోయి ఇక్కడికి వచ్చామనుకుని కూర్చుంటే, వాళ్ళకు రాజ్యాంగ పీఠిక చెప్పడానికి ముందు వాళ్ళ నడుము నిలబెట్టవలసి వచ్చేది.

1998లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు నా తరగతి ఉదయం పది గంటలకు సగం, మధ్యాహ్నానికి పావు నిండేది. పిల్లలు ఎక్కడ అని అడిగితే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ జావా, ఒరాకిల్ కోచింగ్ బ్యానర్లతో నిండిపోయిన రోజులవి. ఉద్యోగ పరీక్షలు రాసే వాళ్ళు అశోక్‌నగర్, చిక్కడపల్లి వెళ్ళేవాళ్ళు. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం తెల్లవారక ముందే వరుస కట్టేవాళ్ళు. నేను వాళ్ళను తప్పుపట్టలేదు. కాలేజీ ఇవ్వలేనిది వాళ్ళు వేరేచోట డబ్బు పోసి కొనుక్కుంటున్నారు. అయితే టైపు ఇన్‌స్టిట్యూట్ సాయంత్రం గంటతో సరిపెట్టుకుంటే, ఈ కోచింగ్ పగలంతా తనకే కావాలన్నది. హాజరు పట్టీలో పేరు ఉండే చోటు ఒకటి, నిజంగా చదువుకునే చోటు మరొకటి అయిపోయింది.

మా అమ్మాయి విషయం కూడా ఇలాగే జరిగింది. తను సివిల్ ఇంజనీరింగ్ చదివింది, నాలుగో సంవత్సరంలో క్యాంపస్ ఇంటర్వ్యూలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తీసుకుంది. చేరగానే వాళ్ళు నెలల తరబడి శిక్షణ ఇచ్చి ప్రోగ్రామింగ్ మొదటి నుంచి నేర్పారు. "అమ్మా, నేను వంతెనల గురించి చదివిన సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలనిపించలేదు" అని ఒకరోజు అన్నది. బాధగా అనలేదు, మామూలుగానే అన్నది. నాకే చాలా రోజులు మనసు కుదుటపడలేదు. నాలుగేళ్ళ చదువును ఒక జల్లెడగా వాడుకుని, లోపల ఏముందో చూడకుండా, ఇంతవరకు నిలబడ్డ పిల్ల కాబట్టి మిగతాది మేము నేర్పుకుంటాం అని సంస్థలు అనుకుంటే, ఆ నాలుగేళ్ళలో ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి అన్న పట్టింపు కళాశాలలకు ఎందుకు ఉంటుంది?

ఈ మధ్యకాలంలోనే గొప్ప మార్పు ఒకటి వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే వాళ్ళంటే నాకు కోపం. పేద పిల్లల ఫీజు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. మా తరగతుల్లోకి అంతకు ముందెన్నడూ రాని పిల్లలు వచ్చారు. తాపీ మేస్త్రీ కూతురు, ఆటో నడిపే ఆయన కొడుకు, పాలమూరు నుంచి పనికోసం వలస వచ్చి కట్టే భవనాల పక్కనే గుడిసె వేసుకున్న వాళ్ళ పిల్లలు. ఒకసారి ఒక అమ్మాయి తల్లి, పని నుంచి నేరుగా సిమెంటు చేతులతో వచ్చి, కాలేజీ గేటు దగ్గర నిలబడి, "మేడమ్, మా పోరి మంచిగ చదువుతున్నదా?" అని అడిగింది. లోపలికి రమ్మంటే రాలేదు. నేను చదువుకున్న రోజుల్లో ఆ తల్లి కూతురు నా పక్క బెంచీలో ఉండే అవకాశమే లేదు. డిగ్రీ చేరికల్లో ఇప్పుడు అమ్మాయిల సంఖ్య అబ్బాయిలను మించిందని విన్నప్పుడు, రెండో సంవత్సరం తర్వాత తిరిగి రాని నా స్నేహితురాళ్ళు గుర్తొచ్చి నా కళ్ళు చెమర్చాయి.

నా బాధ అంతా ఇక్కడే ఉంది. ఆ పిల్లలు వచ్చిన కాలంలోనే కళాశాలల్లో చెప్పే వాళ్ళు లేకుండా పోయారు. పదవీ విరమణ చేసిన వాళ్ళ స్థానాలు ఏళ్ళ తరబడి నింపలేదు. విశ్వవిద్యాలయ శాఖల్లోనూ అదే స్థితి. కాంట్రాక్టు, పార్ట్ టైమ్, గెస్ట్ అన్న పేర్లతో పాఠాలు నడిచాయి. ప్రభుత్వం నుంచి ఫీజు బకాయిలు రాకపోతే కొన్ని ప్రైవేటు కళాశాలలు పిల్లల సర్టిఫికెట్లు ఆపేవి. జీతాలు ఆగేవి, ప్రయోగశాలకు రసాయనాలు కొనడం ఆగేది. ఇంట్లో పుస్తకాలు, చదువు చెప్పే అన్నలు, ఇంగ్లీషు మాట్లాడే బంధువులు ఉన్న మాలాంటి వాళ్ళకు ఇద్దరు నాసిరకం లెక్చరర్లు తగిలినా బయటపడిపోయాము. ఇంట్లో ఎవరూ చదువుకోని పిల్లకు తరగతి గది తప్ప వేరే ఆధారం లేదు. సరిగ్గా ఆ పిల్ల వచ్చి కూర్చున్నప్పుడే బల్ల ముందు మనిషి లేడు. నాణ్యత పడిపోయిందని వార్తల్లో రాసేటప్పుడు, చేరిన పిల్లల సంఖ్య పెరగడమే అందుకు కారణమైనట్టు కొందరు రాస్తారు. అది అన్యాయమైన మాట. ఆ పిల్లల్లో నేను చూసిన పట్టుదల నేను చదువుకున్న తరగతిలో సగం మందికి లేదు.

2016లో డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం వచ్చింది, ఆ విద్యా సంవత్సరంలోనే సెమిస్టర్ పద్ధతీ వచ్చింది. ఆన్‌లైన్ ప్రవేశాల వల్ల పల్లెటూరి పిల్లకు నగరంలో ఏ కాలేజీలో సీటు ఉందో ఇంటి దగ్గరే తెలిసింది, దళారుల బెడద తగ్గింది. అది మంచిదే. కానీ విడతల వారీగా ప్రవేశాలు సాగి, చివరి విడతలో చేరిన పిల్ల తరగతికి వచ్చేసరికి మొదటి సెమిస్టర్‌లో సగం కాలం అయిపోయేది. మిగిలిన వారాల్లో ఇంటర్నల్ పరీక్షలు, అసైన్‌మెంట్లు, ప్రాక్టికల్స్, సెలవులు పోగా పాఠానికి మిగిలేది ఎంత? రాత్రి రుబ్బిన పిండిని పులియనివ్వకుండా అప్పటికప్పుడే పొయ్యి మీద పెట్టినట్టు, ఒక ఆలోచన పిల్లల మనసులో పొంగడానికి ముందే పరీక్ష వచ్చి పడేది. ప్రాథమిక హక్కులు నవంబరులో చెప్పి డిసెంబరులో పరీక్ష పెట్టేస్తే, జనవరిలో పేపర్లో ఒక కోర్టు తీర్పు వచ్చినప్పుడు దాన్ని ఆ పాఠంతో కలిపి చూసే అవకాశమే లేదు. ఆ సబ్జెక్టు అప్పటికే "అయిపోయింది". ఇప్పుడు అసైన్‌మెంట్లు ఫోన్లో అడిగితే యంత్రమే రాసి పెడుతున్నదని నా తర్వాతి లెక్చరర్లు బాధపడుతున్నారు. మార్కుల కోసమే ఇచ్చే అసైన్‌మెంటును పిల్లలు ఎట్లా పూర్తి చేసినా నాకు ఆశ్చర్యం లేదు. ఇంట్లో అమ్మమ్మను అడిగి రాసుకురమ్మంటే ఏ యంత్రమూ రాయలేదు. అయితే అరవై మంది రాసుకొచ్చిన దాన్ని కూర్చుని చదివే లెక్చరర్ కావాలి.

2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ళ డిగ్రీ గురించి చెప్పింది. మొదటి సంవత్సరం తర్వాత మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్స్. కాగితం మీద ఇది పిల్లలకు ఇచ్చిన స్వేచ్ఛలాగా కనిపిస్తుంది. నేను మాత్రం మొదటి సంవత్సరం చివర ఉన్న ఆ గుమ్మంలోంచి ఎవరు బయటికి వెళ్తారో ఊహించుకోగలను. అమెరికా ప్రయాణానికి నాలుగో సంవత్సరం కావాలనుకునే ఇంటి పిల్లవాడు వెళ్ళడు. సంబంధం వచ్చిందని తండ్రి తొందరపెడుతున్న అమ్మాయి వెళ్తుంది, ఇంటి కిరాయి కట్టడానికి రాత్రి పదకొండు దాకా బండి మీద ఫుడ్ డెలివరీ చేసే అబ్బాయి వెళ్తాడు. ఇన్నాళ్ళు "ఎట్లయినా డిగ్రీ పూర్తి కానియ్యండి" అని తల్లిదండ్రులను బతిమాలడానికి మాకు ఒక మాట ఉండేది. ఏడాదికే ఒక సర్టిఫికెట్ చేతికి వస్తుందంటే ఆ మాట బలం తగ్గుతుంది.

మంచి జరిగిన చోట్లూ ఉన్నాయి. 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు వచ్చాయి. హాస్టల్ ఉండటం వల్ల అమ్మాయిల రోజంతా చదువుదే అయింది. అటువంటి ఒక కళాశాలకు అతిథిగా వెళ్ళి మాట్లాడినప్పుడు, సాయంత్రం దాకా నన్ను వదలకుండా ప్రశ్నలు అడిగారు. గవర్నరు బిల్లును ఎంత కాలం ఆపవచ్చునని ఒక పిల్ల అడిగితే, రెండో పిల్ల లేచి నిలబడి తన పుస్తకంలో ఉన్న అధికరణం చదివి, ఇందులో గడువు రాయలేదు కదా మేడమ్ అన్నది. నాకు మా పాత తరగతి గుర్తొచ్చింది. సమయం చేతికిస్తే ఈ పిల్లలు ఏం చేయగలరో నేను కళ్ళారా చూశాను కాబట్టే అంతా పోయిందని చెప్పడానికి నా నోరు రాదు.

నేను చదివిన కోఠీ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో దానికి చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టారు. భూమి కోసం, పంట కోసం దొరను ఎదిరించిన, బడి చదువు లేని ఆ తల్లి పేరు ఒకప్పటి బ్రిటిష్ రెసిడెంటు నివాసానికి రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. భవనానికి మరమ్మతులు కూడా జరిగాయి. ఇక ఆ పేరు మోసే తరగతి గదుల్లో పూర్తికాలపు అధ్యాపకులు ఉండాలని, పిల్లలకు ఏడాది పొడవునా ఒకే మనిషి పాఠం చెప్పాలని నేను కోరుకుంటున్నాను.

ఆ సిమెంటు చేతుల తల్లి కూతురు ఇప్పుడు లెక్చరర్. ఉస్మానియాలో ఎం.ఏ. చేసి, లెక్చరర్ అర్హతకు పెట్టే నెట్ పరీక్ష పాసై, నగరంలో రెండు కళాశాలల్లో గెస్ట్‌గా రాజనీతి శాస్త్రం చెబుతున్నది. ఉదయం ఒకచోట పాఠం ముగించుకుని, బస్సు మారి, మధ్యాహ్నం మరొకచోట చెబుతుంది. జీతం పీరియడ్ లెక్కన, వేసవి సెలవులకు ఏమీ ఉండదు. నెలకోసారి మా ఇంటికి వచ్చి, పిల్లలు అడిగిన ప్రశ్నలు నాకు చెప్పి, తను ఇచ్చిన జవాబు సరైనదేనా అని అడుగుతుంది. తన విద్యార్థుల ఇళ్ళల్లో గత ఎన్నికల్లో ఎవరెవరు ఎందుకు ఓటు వేశారో రాసుకురమ్మన్నదట. ఎనభై మంది రాసుకొచ్చారు. ఆ కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టి, "మేడమ్, ఇవన్నీ చదివి రాజనీతి పాఠంతో కలపాలంటే నాకు ఇంకో రెండు నెలలన్నా కావాలె, సెమిస్టర్ పదిహేను రోజులల్ల అయిపోతున్నది" అన్నది. సగం కట్ట నేను తీసుకున్నాను. వచ్చే విద్యా సంవత్సరానికి ఆమెను కొనసాగిస్తున్నట్టు ఏ కళాశాల నుంచీ ఇంకా ఉత్తర్వు రాలేదు.